పెరటి తేనెపెట్టెలో పెంకు పురుగు
(టెక్సాస్‌లో ఇంటి పెరట్లో తేనెటీగలు పెంచుతున్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం.

హ్యూస్టన్, డాలస్ చుట్టుపక్కల ఇంటి వెనక ఒకటి రెండు తేనెపెట్టెలు పెట్టుకున్నవారు, ఊరి బయట కొద్ది ఎకరాలు కొని పన్ను రాయితీ కోసం పెట్టెలు దింపినవారు, ఇద్దరూ ఈ సభలో ఉన్నారు. ఈ రాష్ట్రంలో 2012 నుంచి ఐదు ఎకరాలకు తగ్గకుండా, ఇరవై ఎకరాలకు మించకుండా ఉన్న భూమిలో తేనెటీగలు పెంచినా దానిని వ్యవసాయ భూమిగా లెక్కగట్టే వీలు కలిగింది. ఆ వీలు చూసుకుని ఈగల మీద మక్కువ కన్నా కాగితం మీద లెక్క కోసం ఈ పనిలోకి వచ్చినవారు మనలో తక్కువేమీ కాదు. అందులో తప్పు లేదు. కాని వేసవి అంతా మూత తీసి చూడని పెట్టె, తేనెపట్టును తొలిచి పాడుచేసే పెంకు పురుగుకు పుట్టినిల్లు అవుతుంది, అక్కడ పెరిగిన పురుగు కంచె దాటి శ్రద్ధగా పెంచుకుంటున్న పొరుగువారి పెట్టెలోకీ వెళుతుంది. అందుకే ఈ విషయం ఎవరి పెట్టె వారు చూసుకుంటే సరిపోయేది కాదు.

ఈ పురుగుకు మందేమిటని చాలామంది అడుగుతూ ఉంటారు. మందుల సంగతి చెబుతాను, కాని ముందుగా నా అభిప్రాయం చెప్పుకోనివ్వండి. పెంకు పురుగు వల్ల చచ్చాయనుకున్న ఈగల కుటుంబాలలో ఎక్కువ భాగం అంతకుముందే మరో కారణంతో నీరసించినవే. పెట్టెలో ఈగలు కాపలా కాయలేనంత చోటును మనమే ఇస్తాం, పురుగు ఆ చోటును వాడుకుంటుంది. ఈ రోజు నేను చెప్పే పద్ధతులన్నీ ఆ చోటు చుట్టూ తిరిగేవే.

ఈ పురుగు శాస్త్రీయ నామం ఈథినా ట్యుమిడా. ఆండ్రూ ముర్రే అనే శాస్త్రవేత్త, నేటి నైజీరియాలో ఉన్న ఓల్డ్ కలబార్ నుంచి వచ్చిన నమూనాలను చూసి 1867లో దీనిని వర్ణించాడు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దీని స్వస్థలం, అక్కడి పెంపకందారులకు ఇది చిన్న బెడద మాత్రమే. అమెరికాలో దీని సంగతి తేలింది 1998లో, ఫ్లోరిడాలో. దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో 1996లోనే దొరికిన పురుగులు ఇవేనని ఆ తర్వాత గుర్తించారు. 2002లో ఆస్ట్రేలియాలో, 2014లో ఇటలీలోని కలాబ్రియాలో బయటపడింది. ఆఫ్రికాలో చిన్న బెడదగా ఉన్నది ఇక్కడ ఇంత పెద్దది ఎందుకైందంటే, అక్కడి ఈగలు దీనిని తరతరాలుగా ఎరుగుదురు. పిల్లపురుగు కంటబడగానే లాగి బయట పారేస్తాయి, పరిస్థితి చేయి దాటితే గూడు వదిలి లేచిపోతాయి. మనం పెంచే ఐరోపా జాతి ఈగలకు ఆ అలవాట్లు లేకపోలేదు గాని, ఆ చురుకు లేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. పెద్ద పురుగు పొడవు ఐదు నుంచి ఏడు మిల్లీమీటర్లు, అంటే ఈగలో సుమారు మూడో వంతు. ముదురు గోధుమ రంగు నుంచి నలుపు వరకు ఉంటుంది, మీసాల చివర చిన్న గదల్లాంటి ముద్దలు ఉంటాయి, రెక్కలను కప్పే పెంకులు పొట్టివి కావడంతో కడుపు చివరి భాగం బయటికి కనబడుతుంది. పొరపాటు పడేది పిల్లపురుగు దగ్గరే. దానిని మైనపు పురుగు అనుకుని ఊరుకున్నవారు ఉన్నారు. మైనపు పురుగుకు ఒళ్ళంతా పొట్టి కాళ్ళు ఉంటాయి, అది తేనెపట్టులో సాలెగూడు వంటి దారాలు అల్లుకుంటూ పోతుంది. పెంకు పురుగు పిల్లకు తల దగ్గర మూడు జతల కాళ్ళు మాత్రమే ఉంటాయి, వీపు పొడుగునా చిన్న ముళ్ళు ఉంటాయి, అది దారం తీయదు. దారానికి బదులు అది వదిలేది జిగట.

ఆ జిగట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పురుగులతో పాటు కొడమియా ఒహ్మెరి అనే ఈస్టు వస్తుంది. పిల్లపురుగులు పట్టును తొలుచుకుంటూ తేనె, పుప్పొడి, ఈగల గుడ్లు, పిల్లలు అన్నీ తింటూ పోయేటప్పుడు వాటి మలంతో ఈ ఈస్టు అంతటా అంటుకుని తేనె పులుస్తుంది. కుళ్ళిన నారింజ పళ్ళ వాసన వస్తుంది, తేనె నురగ కట్టి గదుల నుంచి కారుతుంది, పట్టు ఉండే చెక్క చట్రాన్ని చేత్తో పట్టుకుంటే వేళ్ళు జారిపోతాయి. అంతకన్నా చిత్రమైనది మరొకటి ఉంది. పుప్పొడి మీద పెరిగిన ఈ ఈస్టు ఐసోపెంటైల్ ఎసిటేట్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఈగలు భయపడినప్పుడు, కుట్టినప్పుడు పండిన అరటిపండు వాసన వేస్తుంది కదా, ఆ ప్రమాద సంకేతంలో ప్రధానమైన పదార్థం ఇదే. ఆ వాసన పట్టుకుని మరిన్ని పెంకు పురుగులు ఎగిరి వస్తాయి. కష్టంలో ఉన్న ఒక్క పెట్టె ఊళ్ళో పురుగులన్నిటినీ తన దగ్గరికి పిలుచుకుంటుందన్నమాట. వారం క్రితం ఏమీ లేని పెట్టె ఈ వారం నాశనమైందని మనకు అనిపించడానికి ఇదొక కారణం.

ఇక ఈగలు దీనిని ఎలా ఎదుర్కొంటాయో చూద్దాం. పెంకు పురుగు వీపు గట్టిది, ఈగ దవడకు పట్టు దొరకదు, పైగా పురుగు తలా కాళ్ళూ లోపలికి ముడుచుకుని తాబేలులా అణిగి కూర్చుంటుంది. చంపడం కుదరదు గనుక ఈగలు దానిని తరిమి తరిమి ఒక పగులులోకో, చట్రం మూలకో తోసి, చుట్టూ కాపలా నిలబడతాయి. చెట్ల బంకతో చేసిన జిగురును ఆ పగులు చుట్టూ పూసి జైలు కట్టేస్తాయి. దక్షిణాఫ్రికాలోని కేప్ తేనెటీగలలో శాస్త్రవేత్తలు దీనిని శ్రద్ధగా గమనించి నమోదు చేశారు. ఖైదీ పురుగు కూడా తక్కువది కాదు. ఆకలైనప్పుడు మీసాలతో కాపలా ఈగ మూతిని తడుతుంది, ఈగ తోటి ఈగ ఆకలితో అడుగుతోందని పొరబడి నోటిలోని తేనెను దానికి అందిస్తుంది. తనను కాపలా కాసేవారి చేతి తిండి తింటూ ఆ పురుగు నెలల తరబడి బతుకుతుంది.

ఇప్పుడు ఆ జైలు తలుపు తెరిచేది ఎవరో ఆలోచించండి. మనమే. మనం పెట్టె విప్పి చట్రాలు లాగినప్పుడు ఈగలు కట్టిన ఆ జిగురు గోడలు విరిగి, పురుగులు ఒక్కసారిగా బయటపడతాయి. కాపలా ఈగలు మనం పట్టిన పొగకు చెదిరిపోయి ఉంటాయి, ఆ కాసేపట్లో ఆడ పురుగులు పిల్లగదుల దాకా చేరి గుడ్లు పెట్టేస్తాయి. పెట్టె చూడవద్దని నేను అనడం లేదు. నడివేసవిలో, ముఖ్యంగా బలం తక్కువ ఉన్న కుటుంబాన్ని, ఏదో చూడాలన్న కుతూహలంతో పదే పదే విప్పవద్దని మాత్రం గట్టిగా అంటాను. విప్పితే పని తెలిసి విప్పాలి, త్వరగా మూయాలి.

ఆడ పురుగు జీవితకాలంలో సుమారు వెయ్యి గుడ్లు పెట్టగలదు. ముత్యపు తెలుపులో ఉండే ఆ గుడ్లు ఈగ గుడ్ల కన్నా చిన్నవి, పగుళ్ళలో గుత్తులుగా ఉంటాయి, మామూలుగా రెండు నుంచి నాలుగు రోజులలో పొదుగుతాయి. గాలిలో తేమ యాభై శాతం కన్నా తగ్గితే గుడ్లు ఎండిపోతాయి, హ్యూస్టన్ వారికి ఆ అదృష్టం లేదు. పిల్లపురుగు దాదాపు రెండు వారాలు తిని, సెంటీమీటరు పొడవు పెరిగి, రాత్రిపూట గుంపులుగా పెట్టె ద్వారం నుంచి జారి నేల మీద పడి మట్టిలోకి దూరుతుంది. ఎక్కువ భాగం పెట్టెకు మూడు అడుగుల లోపే, మట్టిలో నాలుగు అంగుళాల లోతు లోపే ఉండిపోతాయి. అక్కడ రూపం మార్చుకునే ప్యూపా దశ మూడు నాలుగు వారాలు సాగి, ఆ తర్వాత కొత్త పురుగు పైకి వచ్చి ఏదో ఒక పెట్టె వెతుక్కుంటూ ఎగిరిపోతుంది. చలికాలంలో పెద్ద పురుగులు ఈగల గుంపు మధ్య వెచ్చగా దాక్కుంటాయి.

ఇక చేయవలసిన పనులకు వస్తాను. మొదటిది, ఈగల సంఖ్యకు తగినంత చోటే ఉంచడం. టెక్సాస్‌లో వసంతంలో తేనె వచ్చే రోజులకు పెట్టె మీద రెండు మూడు తేనె అరలు ఎక్కిస్తాం, జూలై ఆగస్టులలో పూలు కరువై కుటుంబం తగ్గిపోయినా ఆ అరలు అలాగే ఉంటాయి. ఈగలు కమ్ముకోని పట్టు ఎంత ఉంటే పురుగుకు అంత మేత. చట్రాన్ని పైకి తీసినప్పుడు రెండు పక్కలా పట్టు కనబడనంత ఒత్తుగా ఈగలు ఉండాలి, లేని చట్రాలు తీసేయాలి, అరలు తగ్గించాలి. కుటుంబాన్ని రెండుగా విడదీసేటప్పుడు చిన్న భాగాన్ని ఐదు చట్రాల చిన్న పెట్టెలో ఉంచాలి గాని పది చట్రాల పెట్టెలో ఒంటరిగా వదలరాదు. రాణి లేని కుటుంబం నెలలోపే కూలిపోవచ్చు గనుక కొత్త రాణినైనా ఇవ్వాలి, మరో కుటుంబంలోనైనా కలపాలి. పుప్పొడి ముద్దలు కొని పెట్టేవారు రెండు మూడు రోజులలో తినేంత చిన్న ముక్క మాత్రమే పెట్టాలి. పిల్లపురుగులకు దానికి మించిన విందు లేదు, వేసవిలో అయితే పెట్టకపోవడమే మేలు.

ఈగల ఒంటిని పట్టి పీడించే వరోవా నల్లిని లెక్కపెట్టకుండా పెంకు పురుగు గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. సగం కప్పు ఈగలను, అంటే సుమారు మూడు వందల ఈగలను ఆల్కహాలులో కడిగి చూసి, వందకు మూడు నల్లులు దాటాయంటే ముందు ఆ నల్లికి వైద్యం చేయాలి. నల్లి కుటుంబాన్ని చిక్కగొడుతుంది, చిక్కిన కుటుంబంలో పెంకు పురుగు రాజ్యం చేస్తుంది. నూనె ఉచ్చులకు డబ్బు పోసి నల్లిని పట్టించుకోని పెంపకం నాకు అర్థం కాదు.

పురుగులు ఎన్ని ఉన్నాయో తెలుసుకునే సులువైన మార్గం ఒకటి ఉంది. ఎండ బాగా ఉన్న పూట పెట్టె పై మూత తీసి నేల మీద వెల్లకిలా పెట్టండి, దాని మీద పై అరను నిలపండి, అర మీద వెలుతురు పడేలా వదిలి పది నిమిషాలు కింది అర చూసుకోండి. పెంకు పురుగుకు వెలుతురు గిట్టదు, అది చట్రాల మధ్య నుంచి కిందికి కిందికి దిగిపోతుంది. ఇప్పుడు అర పైకెత్తి మూతలోకి చూస్తే నల్లటి పురుగులు మూలలకు పరుగు తీస్తూ కనబడతాయి. చేతిలోని ఉలితో అక్కడికక్కడే నలిపేయవచ్చు. ఇన్ని ఉంటే ప్రమాదమని ఒక అంకె చెప్పమంటారు, నేను చెప్పను. నిండుగా ఉన్న కుటుంబం వందలాది పురుగులను భరించి తేనె ఇస్తుంది, రెండు గుప్పిళ్ళ ఈగలున్న కుటుంబం పది పురుగులకే పడిపోతుంది. పెద్ద పురుగుల కన్నా పిల్లపురుగు ఒక్కటి కనబడటం నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది.

ఉచ్చులలో నూనె ఉచ్చు మంచిది. చట్రాల మధ్య ఇమిడే సన్నని ప్లాస్టిక్ తొట్టి, పైన ఈగ పట్టని సన్న చీలికలు, లోపల వంటనూనె సగం వరకు. ఈగలు తరిమిన పురుగు దాక్కుందామని దూరి నూనెలో మునిగి చస్తుంది. దీనిని ఈగపిల్లలు పెరిగే అర మధ్యలో పెడితే వృథా, పురుగులు తరమబడి చేరేది అంచులకు గనుక చివరి రెండు చట్రాల మధ్య పెట్టాలి. ఈగలు చీలికలను జిగురుతో పూడ్చేస్తే శుభ్రం చేయాలి. పెట్టె ఒరిగి ఉంటే నూనె ఒలికి ఈగలే చస్తాయి. ఇంతకన్నా సమర్థమైనది పెట్టె అడుగున జల్లెడ, దాని కింద నూనె పళ్ళెం ఉండే ఏర్పాటు: పెద్ద పురుగులతో పాటు నేలకు దిగబోయే పిల్లపురుగులు కూడా అందులో పడతాయి. పళ్ళెం లేని ఉత్త జల్లెడ అడుగు ఈ పురుగుకు పెద్దగా పనిచేయదు. ఇల్లు తుడిచే సువాసన లేని పొడి గుడ్డ ముక్కను చట్రాల పైన మూలల్లో పరిచినా ఈగలు దానిని కొరికి పీచు రేపుతాయి, పురుగుల కాళ్ళు ఆ పీచులో చిక్కుకుంటాయి. చవక, పనికొస్తుంది. ఒక్కోసారి ఈగలూ చిక్కుకుంటాయి, చూసుకుంటూ ఉండాలి.

మందుల విషయంలో నేను జాగ్రత్తగా మాట్లాడతాను. కూమఫాస్ అనే పురుగుమందు పట్టీని అట్టముక్క కింద అంటించి పెట్టె అడుగున పెట్టే పద్ధతి ఉంది, తేనె అరలు ఉండగా పెట్టరాదు, మైనంలో అవశేషం మిగులుతుంది, రాణికి హాని చేస్తుంది. రెండు పెట్టెలున్న ఇంటికి దీని అవసరం ఉందని నేను అనుకోను. పెట్టె చుట్టూ నేల తడిపే పెర్మెత్రిన్ మందు పిల్లపురుగుల మీద పనిచేస్తుంది, ఈగల మీదా అంతే పనిచేస్తుంది. వాడదలచుకుంటే ఈగలు గూటికి చేరిన తర్వాత, చీకటి పడే వేళ, లేబుల్ మీద రాసిన మోతాదులో, పెట్టె మీద చుక్క పడకుండా నేల మీదే పోయాలి. బొద్దింకల మందును సీడీ డబ్బాలో పెట్టి పెట్టెలో ఉంచే చిట్కా ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. అది చట్టవిరుద్ధం, ఆ తేనె మీ పిల్లలు తినేది.

మట్టిలో ఉన్న దశ మీద దాడి చేయడానికి నాకు నచ్చినవి నులిపురుగులు. ఇవి కంటికి కనబడనంత చిన్నవి, మట్టిలో పాకుతూ వెళ్ళి పురుగు శరీరంలోని సహజ రంధ్రాల గుండా లోపలికి దూరి, తమతో మోసుకొచ్చిన బాక్టీరియాను వదిలి, రెండు రోజులలో దానిని చంపుతాయి. ఈగలకు, మనకు, పెంపుడు జంతువులకు హాని లేదు. ఈ పురుగు మీద పరీక్షలలో బాగా పనిచేసిన వాటిలో రెండింటి జన్మస్థలాలు ఈ సభకు ఆసక్తి కలిగిస్తాయి. హెటెరోరాబ్డైటిస్ ఇండికాను 1992లో కోయంబత్తూరు నమూనాల ఆధారంగా వర్ణించారు, స్టైనర్‌నీమా రియోబ్రేవ్ ఈ టెక్సాస్‌లోనే రియో గ్రాండే లోయ మట్టిలో దొరికింది. రెండూ వేడి నేలలకు అలవాటు పడినవే గనుక మన వేసవికి తట్టుకుంటాయి. ఎండ తగిలితే మాత్రం చస్తాయి. పొట్లం చేతికి అందిన వెంటనే, క్లోరిన్ లేని నీటిలో కలిపి, సాయంత్రం, ముందే తడిపిన నేల మీద పెట్టె చుట్టూ పోసి, ఆ తర్వాత కూడా కొన్ని రోజులు మట్టి ఆరకుండా చూడాలి.

తడి అన్నాను గనుక ఒక హెచ్చరిక. డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి మన కర్నూలు రేగడికి దగ్గరి చుట్టం, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది. అంత ఎండిన నేలలో ప్యూపా దశ సరిగా సాగదు. కాని మనం పెట్టెను తీసుకెళ్ళి స్ప్రింక్లర్ తడిపే పచ్చిక మధ్యలో, చెట్టు నీడలో పెడతాం. పెట్టె ఎండలో ఉండాలి, కింది నేల పొడిగా ఉండాలి. కింద సిమెంటు పలకలు పరచినా కొంత మేలే, పిల్లపురుగు అవి దాటి మట్టి వెతుక్కుంటూ పోగలదన్నది మరవకూడదు. పెట్టెల చుట్టూ కోళ్ళను వదిలితే చాలని అనేవారికి ఒక మాట: పిల్లపురుగులు దిగేది చీకటి పడ్డాక, అప్పటికి కోళ్ళు గూట్లో ఉంటాయి.

తేనె తీసే రోజుల్లో జాగ్రత్త మరింత అవసరం. కాపలా ఈగలు లేని తేనె అరను గరాజులో వారం రోజులు పేర్చి ఉంచితే, పట్టులో కంటికి ఆనని గుడ్లు పొదిగి ఆ తేనె అక్కడే పులుస్తుంది. దించిన తేనెను ఒకటి రెండు రోజులలో పిండేయాలి. కుదరకపోతే గదిలో తేమ తగ్గించే యంత్రం పెట్టి తేమను యాభై శాతానికి దిగువన ఉంచాలి, లేదా చట్రాలను డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. పూర్తిగా గడ్డకట్టి ఒక రోజు ఉంటే అన్ని దశలూ చస్తాయి, ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా చల్లబడుతుంది గనుక నేను రెండు రోజులు ఉంచమంటాను. నేల మీద పాకే పిల్లపురుగులు ఉంటే రాత్రి గదిలో ఒక మూల నేలకు ఆనించి దీపం పెట్టండి, తెల్లవారేసరికి అన్నీ అక్కడే పోగవుతాయి, సబ్బునీళ్ళలోకి ఊడ్చేయవచ్చు.

భారతదేశంలో ఈ పురుగు ఇటీవలి సంవత్సరాలలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. ఐరోపా జాతి ఈగల పెట్టెలను పూల కాలం వెంట లారీల మీద రాష్ట్రాలు దాటించడం అక్కడ మామూలు గనుక తెలుగు నేలకు ఇది ఎంతో దూరంలో లేదు. ఊళ్ళో బంధువులకు ఇక్కడి నుంచి వాడిన చట్రాలు, పచ్చి మైనం, పట్టు తేనె సామానులో తీసుకెళ్ళే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. కొత్త ఉచ్చు ఒకటి తీసుకెళ్ళినా, ఈ పురుగు ఫొటో చూపించినా వారికి అంతకన్నా మేలు.

చివరిగా, జిగట పట్టి ఈగలు లేచిపోయిన పెట్టెను ఏం చేయాలన్నది. ఎంత బాధ కలిగినా ఆ చట్రాలను పెరట్లో విదిలించవద్దు, వేలకొద్దీ పిల్లపురుగులు అదే మట్టిలో దిగి వచ్చే నెల పక్క పెట్టె మీద పడతాయి. చట్రాలను అక్కడే నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి ఫ్రీజర్‌లో పెట్టండి, చోటు చాలకపోతే సంచిని మండుటెండలో సిమెంటు మీద వదిలేయండి. ఆ తేనె మనుషులు తినకూడదు, ఈగలకూ పెట్టకూడదు. పురుగులు చచ్చాక పట్టు బాగా ఉంటే ధారగా నీళ్ళు కొట్టి జిగట కడిగి, ఆరనిచ్చి, మీ దగ్గర ఉన్న అన్నిటికన్నా బలమైన కుటుంబానికి ఒకసారికి ఒక చట్రం చొప్పున ఇవ్వండి. అవి శుభ్రం చేసుకుంటాయి. ఆ పెట్టె ఉన్న చోట నేలకు నులిపురుగులు పోసి, నెల గడిచే దాకా అక్కడ కొత్త కుటుంబాన్ని దింపకండి.